బోనం కుండ ఎలా కాలుతుంది? ఆవంలో అసలేం జరుగుతుందంటే..

ఆషాఢం వస్తే చాలు.. అమీర్‌పేట, పంజాగుట్ట పక్కనే ఉన్న బల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర బోనాల సందడి మొదలవుతుంది. మరి ఆ బోనం కుండను ఎలా కాలుస్తారో తెలుసా?

కుమ్మరులు సంప్రదాయంగా వాడేది ఆవం. అంటే ఆరుబయట పేర్చే బట్టీ. ముందు కుండలను బాగా ఆరబెడతారు. లోపల తడి మిగిలితే 100 డిగ్రీలు దాటగానే ఆవిరై కుండను పగలగొట్టేస్తుంది. నేలపై కట్టెలు, పిడకలు పరిచి, కుండలు పేర్చి, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తుతారు. పొగ పోయేందుకు కంతలు వదిలి నిప్పు పెడతారు. మంట మొదట్లో నెమ్మదిగానే ఉండాలి.

500 నుంచి 600 డిగ్రీల దగ్గర మట్టి స్వభావమే మారిపోతుంది. ఇక నీళ్లలో ఎంత నానినా కుండ మళ్లీ బురద కాదు. గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము వల్ల ఎరుపు రంగు వస్తుంది. గాలి అందకుండా మూసేస్తే నల్ల కుండ వస్తుంది. ఆవం పూర్తిగా చల్లారాకే తెరవాలి. తొందరపడితే పగుళ్లే!

అసలు చిక్కు వానతోనే. కాలుతున్న ఆవంపై గట్టి జల్లు పడితే రోజుల కష్టం ఒక్క పూటలో పోతుంది. బోనాలేమో వానాకాలంలోనే వస్తాయి. అందుకే ఎండలు ఉండగానే కాల్చి పెట్టుకోవాలి.

కొనేవాళ్లు కుండను వేలితో కొట్టి చూడాలి. ఖంగుమంటే బాగా కాలినట్టు. మొద్దుగా మోగితే పగులు ఉన్నట్టో, సరిగా కాలనట్టో అనుకోవాలి.