వైద్య పరికరాల నియంత్రణ: పరిశ్రమ కోరుతున్నదేమిటి? రోగికి ఒనగూరేదేమిటి?

గుండెలో అమర్చే స్టెంట్‌కూ, జ్వరం మాత్రకూ ఒకే చట్టం వర్తించడం సమంజసమేనా? దేశంలోని వైద్య పరికరాల తయారీదారులు ఏళ్లుగా వేస్తున్న ప్రశ్న ఇది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం నేటికీ వైద్య పరికరాన్ని ‘ఔషధం’గానే పరిగణిస్తున్నారు. ఇంజినీరింగ్ ఉత్పత్తికి మందుల కొలమానం తగదని, పరికరాలకు ప్రత్యేక చట్టం కావాలని పరిశ్రమ సంఘాలు ప్రభుత్వాన్ని కోరుతున్నాయి.

నిబంధనల పరిణామం

చాలాకాలం స్టెంట్లు, సిరంజిలు వంటి కొన్ని పరికరాలకే నియంత్రణ ఉండేది. 2017లో రూపొందించిన వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఇవి ముప్పు తీవ్రతను బట్టి పరికరాలను నాలుగు తరగతులుగా విభజించాయి. నాలుకను అదిమి చూసే పలక ‘ఎ’ తరగతికి, ఇంజెక్షన్ సూది ‘బి’కి, వెంటిలేటర్ ‘సి’కి, కృత్రిమ గుండె కవాటం ‘డి’కి ఉదాహరణలు. తొలి రెండు తరగతుల తయారీకి రాష్ట్ర అధికారులు, తక్కిన రెండింటికి కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ లైసెన్సులిస్తారు. దిగుమతులన్నింటికీ కేంద్ర సంస్థ అనుమతే తప్పనిసరి.

2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్ట పరిధిలోకి వచ్చాయి. ఎ, బి తరగతులకు 2022 అక్టోబరు నుంచి, సి, డి తరగతులకు 2023 అక్టోబరు నుంచి లైసెన్సు తప్పనిసరి అయింది.

పరిశ్రమ వాదన

ప్రత్యేక చట్టం, అనుమతులకు కచ్చితమైన గడువు, రాష్ట్రాలన్నింటా ఒకే తీరు తనిఖీలు, ఇంజినీరింగ్ పరిజ్ఞానం గల తనిఖీ అధికారులు అనేవి ప్రధాన డిమాండ్లు. వీటిలో కొన్ని ఫలించాయి. శుద్ధీకరణ, కొలత అవసరం లేని ‘ఎ’ తరగతి పరికరాలకు 2022లో లైసెన్సు నుంచి మినహాయింపు లభించింది. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం జాతీయ వైద్య పరికరాల విధానాన్ని ఆమోదించింది.

అయితే పరిశ్రమది ఒకే గొంతు కాదు. దిగుమతి సుంకాలు పెంచాలని దేశీయ తయారీదారులు, తగ్గించాలని బహుళజాతి సంస్థలు కోరుతున్నాయి. 2017 ఫిబ్రవరిలో మందు పూత గల స్టెంట్ ధరకు రూ.29,600 పరిమితి విధించినప్పుడు, నూతన సాంకేతికత దేశానికి రాకుండా పోతుందని బహుళజాతి సంస్థలు అభ్యంతరం తెలిపాయి.

తెలుగు రాష్ట్రాలకూ ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లోని వైద్య పరికరాల పార్కు ఈ రంగానికే ప్రత్యేకించినవి. అనుమతి ఎంత ఆలస్యమైతే అక్కడి చిన్న పరిశ్రమపై వడ్డీ భారం అంత పెరుగుతుంది.

మరచిపోరాని అనుభవం

వేగం ఒక్కటే సంస్కరణ కాదని ఏఎస్‌ఆర్ తుంటి కీళ్ల ఉదంతం గుర్తుచేస్తోంది. జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డెప్యూ వీటిని 2010లో ప్రపంచవ్యాప్తంగా మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది. అప్పటికే భారత్‌లో వేలాది మందికి వాటిని అమర్చారు. బాధితుల ఫిర్యాదుల పరిశీలనకు కేంద్ర ఆరోగ్యశాఖ నిపుణుల కమిటీని నియమించింది 2017లో మాత్రమే. కనీసం రూ.20 లక్షల పరిహారం చెల్లించాలని ఆ కమిటీ సిఫారసు చేసింది.

పరికరాల వల్ల కలిగే దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015లో మొదలైంది. ఘాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ దానిని సమన్వయం చేస్తోంది. ఆసుపత్రులు నివేదిస్తేనే ఆ వ్యవస్థకు విలువ.

కాబట్టి గడువులోగా అనుమతి కావాలన్న పరిశ్రమ కోరిక న్యాయమైనదే. కానీ అనుమతి తర్వాతి నిఘా, లోపం బయటపడితే తక్షణ ఉపసంహరణ, చట్టబద్ధమైన పరిహారం కూడా అదే చట్టంలో చోటుచేసుకోవాలి. అనుమతి ఆలస్యమైతే తయారీదారు నష్టపోయేది పెట్టుబడి. నిఘా లోపిస్తే రోగి కోల్పోయేది ఆరోగ్యం.