మధుమేహ నేత్రపటల వ్యాధి - కణస్థాయి మార్పులు

మధుమేహ నేత్రపటల వ్యాధి లేదా డయాబెటిక్ రెటినోపతి అనేది మధుమేహం వలన కంటిలోని నేత్రపటలం దెబ్బతినే వ్యాధి. పనిచేసే వయసులో ఉన్నవారు చూపు కోల్పోవడానికి ప్రపంచవ్యాప్తంగా ఉన్న ముఖ్య కారణాలలో ఇది ఒకటి. వైద్యుడు కంటి లోపలి భాగాన్ని పరీక్షించినపుడు కనిపించే ఎర్రని చుక్కలు, పసుపు మచ్చలు ఈ వ్యాధికి ఆరంభం కావు. అవి కనబడేనాటికే నేత్రపటలంలోని కణాలు కొన్ని సంవత్సరాలుగా దెబ్బతింటూ ఉంటాయి. ఆ కాలమంతా రోగి చూపు సాధారణంగానే ఉండవచ్చు.

నేత్రపటలం, దాని రక్తనాళాలు

నేత్రపటలం కంటి వెనుక భాగాన్ని లోపలి నుండి కప్పి ఉంచే పలుచని పొర. దీని మందం సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే. కాంతిని గ్రహించే దండ కణాలు, శంకు కణాలు దీని వెలుపలి భాగంలో ఉంటాయి. వాటి సంకేతాలు మధ్యలోని నాడీకణాల ద్వారా గాంగ్లియన్ కణాలకు, అక్కడి నుండి దృష్టినాడి ద్వారా మెదడుకు చేరుతాయి. బరువుతో పోల్చి చూస్తే శరీరంలో అత్యధికంగా ఆక్సిజన్ వాడుకొనే కణజాలాలలో నేత్రపటలం ఒకటి. వెలుపలి భాగానికి ఆక్సిజన్ దాని వెనుక ఉన్న రక్తపటలం నుండి, లోపలి భాగానికి నేత్రపటల కేంద్ర ధమని శాఖల నుండి అందుతుంది. కాంతి ఈ లోపలి భాగం గుండానే ప్రయాణించాలి కాబట్టి ఇక్కడ రక్తకేశనాళికలు ఒత్తుగా ఉండవు. అవసరం ఎక్కువ, సరఫరా తక్కువ కావడం వలన కొన్ని నాళికలు మూసుకుపోయినా లోటు తీర్చే మార్గం ఉండదు.

ఈ నాళికల గోడలో రెండు రకాల కణాలు ఉంటాయి. లోపలివైపు రక్తాన్ని తాకుతూ ఉండేవి అంతస్తర కణాలు. వీటి అంచులను ఆక్లూడిన్, క్లాడిన్ వంటి ప్రోటీనులు బిగుతుగా కలిపి ఉంచుతాయి. రక్తంలోని పదార్థాలు ఇష్టానుసారం నేత్రపటలంలోకి రాకుండా ఆపే ఈ ఏర్పాటును రక్త-నేత్రపటల అవరోధం అంటారు. అంతస్తర కణాలను బయటినుండి చుట్టుకొని ఉండేవి పెరిసైట్లు. ఇవి నాళిక వ్యాసాన్ని నియంత్రిస్తాయి, గోడకు బలాన్నిస్తాయి, అంతస్తర కణాలు అదుపు తప్పి విభజన చెందకుండా చూస్తాయి. నేత్రపటలంలో దాదాపు ఒక్కో అంతస్తర కణానికి ఒక్కో పెరిసైట్ ఉంటుంది. శరీరంలో ఇతర చోట్ల ఇంత ఎక్కువ నిష్పత్తి కనిపించదు. ఈ రెండు రకాల కణాలనూ ఒకే ఆధార త్వచం చుట్టి ఉంచుతుంది.

గ్లూకోజు చేసే హాని

కండర కణాలు, కొవ్వు కణాలు గ్లూకోజును బాగా లోపలికి తీసుకోవాలంటే ఇన్సులిన్ కావాలి. నేత్రపటల కణాలకు ఆ అవసరం లేదు. వాటి పొరలో ఉండే గ్లూట్-1 అనే వాహక ప్రోటీను, రక్తంలో గ్లూకోజు ఎంత పెరిగితే అంత ఎక్కువగా లోపలికి చేరవేస్తుంది. ఇన్సులిన్ కొరత వలన కండర కణం గ్లూకోజు అందక ఉన్న సమయంలోనే నేత్రపటల రక్తనాళ కణం గ్లూకోజుతో నిండిపోతుంది.

ఇలా చేరిన గ్లూకోజు ప్రధానంగా నాలుగు అడ్డదారులు పడుతుంది. ఆల్డోస్ రిడక్టేజ్ అనే ఎంజైము కొంత గ్లూకోజును సార్బిటాల్‌గా మారుస్తుంది. ఈ క్రమంలో కణాన్ని ఆక్సీకరణ నుండి కాపాడే నిల్వలు తరిగిపోతాయి. కొంత గ్లూకోజు, దాని నుండి పుట్టిన పదార్థాలు ప్రోటీనులకు శాశ్వతంగా అతుక్కుంటాయి. మిగిలినవి ప్రోటీన్ కైనేజ్-సి ఉత్తేజితం కావడం, హెక్సోసమైన్ మార్గం చురుకు కావడం. అమెరికా శాస్త్రవేత్త మైకేల్ బ్రౌన్లీ 2001లో ఈ నాలుగింటికీ మూలం ఒకటేనని ప్రతిపాదించాడు. ఆయన వివరణ ప్రకారం గ్లూకోజు అధికమైనపుడు మైటోకాండ్రియాలో సూపర్ ఆక్సైడ్ ఎక్కువగా పుడుతుంది. అది పరోక్షంగా గ్లూకోజు విచ్ఛిన్న క్రియలోని ఒక కీలక ఎంజైమును అడ్డుకుంటుంది. కాలువ మీద లాకులు మూస్తే నీరు పక్కనున్న పంటబోదెల్లోకి ఎగదన్నినట్లు, అంతకు ముందు దశల పదార్థాలు పేరుకొని ఆ నాలుగు దారులలోకి మళ్ళుతాయి.

ఈ సిద్ధాంతం చక్కగా ఉన్నా, దానినుండి మందు తయారు చేయడం మాత్రం సులభం కాలేదు. ఆల్డోస్ రిడక్టేజ్‌ను అడ్డుకొనే సార్బినిల్ అనే మందును మనుషులపై పరీక్షించగా, అది నేత్రపటల వ్యాధిని ఆపలేదని 1990లో తేలింది. ఒక దారిని మూసినా మిగిలినవి తెరిచే ఉండటం దీనికి ఒక కారణం కావచ్చు.

పెరిసైట్ల మరణం

మరణించిన వ్యక్తుల నేత్రపటలాన్ని ట్రిప్సిన్ అనే ఎంజైముతో జీర్ణం చేస్తే మెత్తని కణజాలం కరిగిపోయి రక్తనాళాల అల్లిక మాత్రం వలలాగా మిగులుతుంది. కువబారా, కోగన్ అనే పరిశోధకులు 1960లో ఈ పద్ధతిని వివరించారు. మరుసటి సంవత్సరం కోగన్, టూసాన్, కువబారా దీనితోనే మధుమేహ రోగుల కళ్ళను పరిశీలించి, కేశనాళికల గోడలలో పెరిసైట్లు మాయమైనట్లు గుర్తించారు. అవి ఉండవలసిన చోట ఖాళీ గూళ్ళు మాత్రమే మిగిలాయి. కణస్థాయిలో ఈ వ్యాధికి ఇప్పటికీ ఇది ముఖ్యమైన ఆనవాలు.

పెరిసైట్ల ఆసరా పోయిన చోట నాళిక గోడ బుడగలా ఉబ్బుతుంది. దీనిని సూక్ష్మ రక్తనాళ బుడగ లేదా మైక్రోఅన్యూరిజమ్ అంటారు. సాధారణ పరీక్షలో వైద్యుడికి మొదట కనిపించే ఎర్రని చుక్క ఇదే. తరువాత అంతస్తర కణాలు కూడా చనిపోతాయి, ఆధార త్వచం దళసరి అవుతుంది. తెల్ల రక్తకణాలు నాళికల గోడకు అతుక్కొని రక్తప్రవాహానికి అడ్డుపడటం మధుమేహం కలిగించిన ఎలుకలలో గమనించారు. చివరకు కణాలేవీ లేని, రక్తం పారని ఖాళీ గొట్టాలు మిగులుతాయి.

నాడీకణాలు, ముల్లర్ కణాలు

చాలాకాలం దీనిని కేవలం రక్తనాళాల వ్యాధిగానే భావించారు. అయితే మధుమేహం వచ్చిన ఎలుకలలోను, మనుషులలోను నేత్రపటల నాడీకణాలు చనిపోతున్నట్లు 1998లో ప్రచురితమైన పరిశోధన చూపింది. రక్తనాళాల మార్పులు కంటికి కనబడకముందే నేత్రపటలపు విద్యుత్ స్పందనలో తేడాలు రావడం కూడా తెలిసినదే. రక్తనాళాలు ముందా, నాడీకణాలు ముందా అన్న చర్చ ముగియలేదు. నేత్రపటలం మందమంతా వ్యాపించి ఉండే ముల్లర్ కణాలు ఈ రెండింటినీ కలుపుతాయి. నీటిని, పొటాషియంను సమతూకంలో ఉంచడం వీటి పని. మధుమేహంలో ఇవి వాచి, వాపును పెంచే పదార్థాలను విడుదల చేస్తాయి.

స్రావం, కొత్త రక్తనాళాలు

నాళికలు మూసుకుపోయి ఆక్సిజన్ అందని నేత్రపటలం ఏదో ఒక పదార్థాన్ని విడుదల చేసి కొత్త రక్తనాళాలను పుట్టిస్తుందని మైకేల్సన్ అనే నేత్రవైద్యుడు 1948లోనే ఊహించాడు. ఆ పదార్థం ఏదో తెలియడానికి నాలుగు దశాబ్దాలు పైగా పట్టింది. రక్తనాళాలను కారేలా చేసే కారకంగా 1983లో, రక్తనాళ కణాలను పెంచే కారకంగా 1989లో వేరువేరుగా వర్ణించినది ఒకే ప్రోటీను అని తేలింది. దాని పేరు రక్తనాళ అంతస్తర వృద్ధి కారకం, క్లుప్తంగా వీఈజీఎఫ్. కొత్త రక్తనాళాలు పెరుగుతున్న మధుమేహ రోగుల కంటి ద్రవాలలో ఇది ఎక్కువగా ఉన్నట్లు 1994లో చూపారు.

వీఈజీఎఫ్ వలన అంతస్తర కణాల మధ్య బిగువు సడలి నీరు, ప్రోటీనులు, కొవ్వులు బయటికి కారుతాయి. కొవ్వులు పేరుకున్న చోట పసుపు మచ్చలు ఏర్పడతాయి. నిశితమైన చూపునిచ్చే మాక్యులా ప్రాంతంలో నీరు చేరితే చదవడం, ముఖాలు గుర్తుపట్టడం కష్టమవుతుంది. కొత్తగా పుట్టిన రక్తనాళాల గోడలు బలహీనమైనవి. అవి చిట్లినపుడు కంటిలోని కాచావత్ ద్రవంలోకి రక్తం చేరి చూపు హఠాత్తుగా మసకబారుతుంది. వాటితో పాటు పెరిగే పీచు కణజాలం ముడుచుకొని నేత్రపటలాన్ని ఊడదీయవచ్చు.

కణాల జ్ఞాపకం

మధుమేహం కలిగించిన కుక్కలకు రెండున్నర సంవత్సరాలు గ్లూకోజు అదుపు లేకుండా ఉంచి, ఆ తరువాత అంతే కాలం చక్కగా అదుపు చేశారు. అదుపు మొదలయ్యేనాటికి నేత్రపటలం దాదాపు బాగానే ఉన్నా, వ్యాధి తరువాత ముదిరింది. ఎంగర్మన్, కెర్న్ 1987లో ఈ ఫలితాలు ప్రచురించారు. మనుషులలో దీనికి మరోవైపు కూడా కనిపించింది. మొదటి రకం మధుమేహం ఉన్న 1,441 మందిపై అమెరికా, కెనడాలలో 1983 నుండి 1993 వరకు జరిగిన డీసీసీటీ అధ్యయనంలో, గ్లూకోజును గట్టిగా అదుపు చేసినవారికి నేత్రపటల వ్యాధి మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది. అధ్యయనం ముగిశాక రెండు బృందాల గ్లూకోజు స్థాయిలు ఇంచుమించు సమానమయ్యాయి. అయినా మొదట బాగా అదుపులో ఉన్నవారికి ఆ రక్షణ ఏళ్ళ తరబడి కొనసాగింది. ప్రోటీనులకు అతుక్కున్న గ్లూకోజు శేషాలు, జన్యువుల పనితీరులో నిలిచిపోయే మార్పులు దీనికి కారణాలని భావిస్తారు.

చికిత్స

లేజర్ చికిత్సలో నేత్రపటలం అంచులలోని కొన్ని కాంతిగ్రాహక కణాలను కావాలనే కాల్చివేస్తారు. దీనివలన ఆక్సిజన్ అవసరం తగ్గి, వీఈజీఎఫ్ ఉత్పత్తి తగ్గుతుంది. కొంత చూపును వదులుకొని మిగిలినది నిలబెట్టుకొనే పద్ధతి ఇది. రానిబిజుమాబ్, అఫ్లిబెర్సెప్ట్ వంటి మందులు వీఈజీఎఫ్‌ను బంధిస్తాయి. వీటిని కంటిలోకి సూదితో ఎక్కిస్తారు. అమెరికాలో 2022లో అనుమతి పొందిన ఫారిసిమాబ్, వీఈజీఎఫ్‌తో పాటు పెరిసైట్ల పట్టును సడలించే ఆంజియోపోయిటిన్-2ను కూడా అడ్డుకుంటుంది. ఇవేవీ చనిపోయిన పెరిసైట్లను గాని, పూర్తిగా మూసుకుపోయిన నాళికలను గాని తిరిగి తీసుకురాలేవు.

అందువలన చూపు బాగున్నా కంటిపాపను పెద్దది చేసి నేత్రపటలాన్ని పరీక్షించవలసి ఉంటుంది. రెండవ రకం మధుమేహం బయటపడేనాటికే చాలామందిలో వ్యాధి కొన్నేళ్ళుగా ఉండి ఉంటుంది కాబట్టి వారికి నిర్ధారణ అయిన వెంటనే, మొదటి రకం వారికి వ్యాధి మొదలైన ఐదు సంవత్సరాలలోపు మొదటి పరీక్ష చేయిస్తారు. మధుమేహం ఉన్న స్త్రీలలో గర్భధారణ సమయంలో ఈ వ్యాధి త్వరగా ముదిరే అవకాశం ఉన్నందున వారికి మొదటి మూడు నెలలలోనే పరీక్ష అవసరం.