రిజిస్టరులో ఖాళీ గడులు

వజ్రోత్సవ సంచికకు మన హైస్కూలు చరిత్ర రాయమన్నారు. హెడ్మాస్టర్ల పేర్లూ, పదో తరగతి ఫలితాలూ ఆఫీసు గోడ మీది బోర్డుల్లో ఉన్నాయి కనుక వాటి జోలికి పోను. ఏ బోర్డుకూ ఎక్కనిది ఒకటుంది. 1977 నవంబరులో కొన్నాళ్ళు ఇది బడి కాదు, ఊరు.

నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. చేలల్లో వరి కోతకు సిద్ధంగా ఉంది. కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట, ఆ పాయల నడుమ ఉన్న పల్లపు నేల మన దివిసీమ. గాలివాన ఉదయం నుంచే హోరెత్తింది గానీ, సముద్రమే నడిచి వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆ సాయంత్రం ఉప్పెన తాటిచెట్ల మొవ్వులను అందుకుంటూ మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చేసింది. హంసలదీవి, సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు మిగిలింది తక్కువ. సర్కారు లెక్కలో చనిపోయినవాళ్ళు సుమారు పదివేల మంది. ఆ లెక్కను మన వైపు నమ్మినవాళ్ళు లేరు.

బడి నిలవడానికి కారణం అది మెరక మీద ఉండటం. అదేమీ ఎవరి ముందుచూపూ కాదు. కాలువ తవ్వినప్పుడు మట్టి అక్కడ పోశారని పెద్దలు చెప్పేవారు.

నేనప్పుడు తొమ్మిదో తరగతి. తెల్లారి వెళ్ళేసరికి మా గదిలో బెంచీలన్నీ గోడవారకు చేరాయి. నేల మీద తడిగుడ్డలతో జనం. ఏడుపులు వినబడతాయనుకున్నాను, ఎవరూ మాట్లాడటమే లేదు. మా హిందీ మాస్టారు వెనక పెరట్లో గాడిపొయ్యి తవ్వించారు. కట్టెలన్నీ నాని ఉన్నాయి, అంటుకోవు. చివరికి విరిగిన బెంచీలే వంటచెరకయ్యాయి. ఏడాది తర్వాత ఆడిట్‌కు వచ్చినాయన ఆ బెంచీల లెక్క అడిగాడట! నూతుల్లో ఉప్పునీళ్ళు దిగాయి. వాటిని తోడి పారబోయడం, బ్లీచింగ్ పొడి చల్లడం మా తరగతి వంతు. ఒకే బంతిలో కూర్చోవడానికి మొదటి రోజు గొణిగినవాళ్ళూ ఉన్నారు. మంచి మాత్రమే రాసుకుంటే అది చరిత్ర కాదు కనుక ఇదీ రాస్తున్నాను. ఆకలి ఆ గొణుగుడును రెండు పూటల్లో మాన్పించింది.

మండలి వెంకట కృష్ణారావు గారి శ్రమ, ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేయడం, మదర్ థెరెసా రాక అందరికీ తెలిసినవే. మన అడ్మిషన్ రిజిస్టరు చేసిన పని మాత్రం ఎవరూ ఎక్కడా రాయలేదు.

కొట్టుకుపోయిన ఇళ్ళతోపాటు రేషన్ కార్డులూ, పట్టా కాగితాలూ పోయాయి. సాయం అందాలంటే తాము ఫలానా అని రుజువు కావాలి. బడిలో బీరువా పైఅరలో ఉన్న రిజిస్టరు తడవలేదు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ, ఒంటి మీది పుట్టుమచ్చలు, అన్నీ అందులో ఉన్నాయి. హెడ్మాస్టరు గారు వరండాలో బల్ల వేసుకుని, పేజీలు తిప్పుతూ, ఒక్కో కుటుంబానికి చీటీ రాసి ముద్ర వేసి ఇచ్చారు. పిల్లల్ని బడికి పంపనివాళ్ళకు ఆ చీటీ లేదు. అలాంటి ఒక తల్లి తన కూతురి పేరు ఇప్పుడైనా రాసుకోమని బల్ల ముందు నిలబడటం చూశాను. రాసుకున్నారు.

గదులు ఖాళీ చేయించి పాఠాలు మొదలుపెట్టడంలో తొందరపడ్డామని నా అభిప్రాయం. పాకలు పూర్తిగా లేవకముందే ఆ కుటుంబాలు బడి వదిలి వెళ్ళాయి.

తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు వచ్చాయి. 1990 మే 9న మళ్ళీ పెద్ద తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి హెచ్చరికలు ముందే అందాయి, లక్షమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. ప్రాణనష్టం వెయ్యి లోపే ఆగింది. వేసవి సెలవులు కావడంతో మన బడి తాళాలు ఎవరి దగ్గరున్నాయో వెతుక్కోవలసి వచ్చింది. అప్పటి నుంచి ఒక జత అటెండరు ఇంట్లో ఉంటోంది.

ఆ రిజిస్టరు ఇప్పటికీ ఆఫీసు బీరువాలో ఉంది. 1977 పేజీల్లో కొన్ని పేర్ల ఎదుట ‘మృతి’ అని ఉంది, కొన్నిటి ఎదుట టి.సి. నంబరు. కొన్ని గడులు ఖాళీ. ఆ పేర్లవాళ్ళు ఏ ఊరికి చేరి ఏం చేస్తున్నారో మనకు తెలియదు. మీరుగానీ, మీ ఎరికలో ఉన్నవారెవరైనా గానీ వారిలో ఒకరైతే, ఉత్సవాలకు రాలేకపోయినా సరే, ఆఫీసుకు ఒక కార్డు ముక్క రాయండి.