మా బాపు సైకిల్, మా బిడ్డ గ్రావెల్ బైకు

పోయిన సంక్రాంతికి మా బిడ్డ హైదరాబాద్ నుంచి వస్తూ పిండివంటల డబ్బాలు నింపుకుపోవడానికి ఖాళీ సంచులు తెస్తుందనుకుంటే, ట్రావెల్స్ బస్సు డిక్కీలో ఒక సైకిల్ వేసుకొని దిగింది. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగి ఉంది. టైర్లు మాత్రం లావుగా, గరుకుగా ఉన్నాయి. "గ్రావెల్ బైకు అమ్మా" అంది. ధర అడిగితే నెమ్మదిగా చెప్పింది. మా ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టాక చెప్పి ఉంటే గ్లాసు పగిలేది.

మా బాపు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆయనకిప్పుడు 79 ఏళ్లు. గోదావరిఖనిలో బొగ్గు బాయిలో పనిచేసి 2006లో దిగిపోయిండు. "గంట లేదు, స్టాండు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు లేదు. గివన్నీ తీసేసి ఎక్కువ పైసలకు అమ్మిండ్రా బిడ్డా?" అన్నాడు. అందరం నవ్వాం.

బాపు సైకిల్ పెరట్లో నీళ్ల ట్యాంకు వెనకాల పడి ఉంది. 1974లో కొన్న హెర్క్యులస్. పండుగ పోయాక పాత ఇనుప సామాన్ల బండికి వేసేద్దామని మా ఆయన అప్పటికే అన్నాడు. మా బిడ్డ వెళ్లి దాని టైరు మీది దుమ్ము తుడిచి చూసింది. "28 × 1½" అని ఉంది. ఇప్పటి లెక్కలో ఆ టైరు కొలతను 40-635 అని రాస్తారట. అంటే వెడల్పు 40 మిల్లీమీటర్లు. తన బైకు టైరు మీద కూడా 40 అనే ఉంది. "తాతా, నీది కూడా గ్రావెల్ బైకే!" అని అరిచింది. ఆ మాట పట్టుకొనే ఇదంతా రాస్తున్నాను.

గ్రావెల్ అంటే మన భాషలో కంకర, మొరం. తారు రోడ్డు మీద పరుగెత్తే సన్న టైరు సైకిల్‌కూ, గుట్టలెక్కే మౌంటెన్ బైకుకూ మధ్యలో ఉండేది ఈ బండి. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఎంపోరియా అనే ఊరి చుట్టూ చెకుముకి రాళ్ల మట్టిబాటల మీద 2006లో ఒక పందెం మొదలైంది. 200 మైళ్లు, అంటే 320 కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి పందేల వల్లే ఈ రకం సైకిల్‌కు పేరొచ్చింది. 2022లో ఇటలీలో దీనికి ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా పెట్టారు.

వింత ఏమిటంటే, సైకిల్ పుట్టిందే మట్టిబాట మీద. 1885లో ఇంగ్లండ్‌లో రెండు సమాన చక్రాలు, గొలుసు ఉన్న రోవర్ సైకిల్ వచ్చింది. 1888లో డన్‌లప్ గాలి టైరు తయారు చేశాడు. అప్పటికి తారు రోడ్లు ఎక్కడున్నాయి? ఆ గతుకులకు తట్టుకునేలా ఇంగ్లిష్‌వాళ్లు బరువైన 'రోడ్‌స్టర్' సైకిల్ చేశారు. దాన్నే మన దేశం తెచ్చుకొని వదల్లేదు. మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో మొదలయ్యాయి. అందరూ చేసింది ఎక్కువగా ఆ నల్ల సైకిలే. మన ఊళ్ల తోవలకు అది సరిపోయింది కాబట్టి.

మా ఖనికైతే మరీ సరిపోయింది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. అందుకే డిసెంబర్ 23న మా కాలనీల్లో ఇప్పటికీ సింగరేణి డే చేస్తారు. మా ఊరి వంతు 1960ల మొదట్లో వచ్చింది. గోదావరి ఒడ్డున ఖని, గోదావరిఖని. బాయి వచ్చాకే ఊరు, ఊరి పేరు కూడా. చుట్టుపక్కల పల్లెల నుంచి, దూరపు జిల్లాల నుంచి మగవాళ్లు పనికి వచ్చారు. బాయిలు ఒకచోట, క్వార్టర్లు ఒకచోట. మధ్యలో మొరం, బొగ్గు పొడి కలిసిన తోవ. ఆ తోవలకు సైకిలే దిక్కు.

పొద్దున 7, మధ్యాహ్నం 3, రాత్రి 11. మూడు షిఫ్టులు. షిఫ్టు మారే వేళ తోవ నిండా సైకిళ్లే. హ్యాండిల్‌కు సద్ది గిన్నె, రాత్రయితే ముందు చక్రానికి ఆనుకొని గుర్రుమనే డైనమో. ఈ కథలో ఆడవాళ్లు ఎక్కడున్నారంటారా? ఇంట్లో, చెవులు రిక్కించి ఉన్నారు. 1952 గనుల చట్టం ఆడవాళ్లు భూమి లోపల పనిచేయకూడదంది. 2019లో గానీ ఆ నిబంధన కొంత సడలలేదు. కాబట్టి బాయి ఎలా ఉంటుందో మా అవ్వకు తెలియదు. కానీ బాపు సైకిల్ చప్పుడు తెలుసు. రెండో షిఫ్టు దిగి వచ్చేటప్పుడు గల్లీ మలుపులో చైన్ కవరు కడకడమనేది, తర్వాత స్టాండు వేసిన చప్పుడు. అది వినపడ్డాకే పొయ్యి మీద అన్నం వేడిచేయడానికి లేచేది. అరగంట ఆలస్యమైతే అవ్వ గడపలో నిలబడేది. పక్కింటి అత్త కూడా. ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లు కాదు.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. బాపు వేరే బాయిలో ఉన్నాడు. అయినా ఆయన సైకిల్ గల్లీలోకి వచ్చేదాకా మా అవ్వ కూర్చోలేదు.

1981లో సింగరేణిలో 56 రోజుల సమ్మె జరిగింది. నాకప్పుడు ఐదేళ్లు. జీతం లేని ఆ రోజుల్లో అవ్వ పుస్తెలతాడు తాకట్టు పెట్టింది గానీ సైకిల్ అమ్మనియ్యలేదు. "తాడు మళ్లా వస్తది, సైకిల్ లేకుంటే పనికెట్ల పోతడు?" అందట.

ఆ సైకిల్ మీదే నేను నేర్చుకున్నాను. సీటు అందదు కాబట్టి కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్లం. కైంచి తొక్కుడు అనేవాళ్లం. మోకాళ్లు చీరుకుపోయినా కిరాణా కొట్టుకు, పిండి గిర్నీకి నేనే పోయేదాన్ని. 1989లో పెద్దమనిషినయ్యాను. పదకొండో రోజు తర్వాత సైకిల్ తీయబోతే అవ్వ తాళం చెవి కొంగున ముడేసుకుంది. "ఇంక బంద్." అంతే. బాపు పేపరు చదువుతున్నాడు. తలెత్తలేదు. మా తమ్ముడు మాత్రం ఆ సైకిల్ మీదే కాలేజీ చదువు పూర్తి చేశాడు. మీలో చాలామందికి ఇలాంటి తాళం చెవి ఒకటి గుర్తుండే ఉంటుంది.

ఇది మన దగ్గరి రోగమే అనుకునేదాన్ని. చదివితే తెలిసింది, 1890లలో ఇంగ్లండ్, అమెరికాల్లో కొందరు డాక్టర్లు ఆడవాళ్లు సైకిల్ తొక్కితే ముఖం బిగుసుకుపోయి పాడవుతుందని, దానికి 'సైకిల్ ముఖం' అని పేరు కూడా పెట్టి భయపెట్టారట. ఆడవాళ్లు వినలేదు. ఓటు హక్కు కోసం పోరాడిన సూసన్ బి. ఆంథొనీ 1896లో, స్త్రీల విముక్తికి సైకిల్ చేసినంత మేలు మరేదీ చేయలేదన్నట్టుగా చెప్పింది.

అంత దూరం ఎందుకు? నా సైకిల్‌కు తాళం పడ్డ రెండు మూడేళ్లకే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలమంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. కలెక్టర్ షీలారాణి చుంకత్ దాన్ని చదువులో భాగం చేశారు. క్వారీల్లో రాళ్లు కొట్టేవాళ్లు, పొలం కూలీలు, అంగన్‌వాడీ టీచర్లు, అందరూ ఎక్కారు. లేడీస్ సైకిళ్లు దొరక్క మగవాళ్ల సైకిళ్లే తీసుకున్నారు. 2006లో బిహార్ తొమ్మిదో తరగతికి వచ్చే ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెడితే హైస్కూల్లో చేరే ఆడపిల్లలు పెరిగారు. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పేరుతో అదే పని చేశారు. సైకిల్ ఇస్తే బడి దగ్గరవుతుంది. ఇంత చిన్న లెక్క అర్థం కావడానికి వందేళ్లు పట్టింది.

ఇక మా ఇంటికి వద్దాం. మా బిడ్డ పొద్దున ఐదున్నరకు మొరం తోవల మీదికి బయల్దేరింది. ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి పోసి పోసి మా చుట్టూ గుట్టలు లేచాయి. ఆ పక్క పల్లెల బాటలు పట్టుకొని ముప్పై కిలోమీటర్లు తిరిగొచ్చింది. మూడో రోజు ఎదురింటి వదిన "పెండ్లీడు పిల్ల, చీకట్ల ఒంటరిగ ఎందుకు పంపుతున్నవ్?" అంది. నిజం చెప్తున్నా, నాకూ భయమే. నోటి చివరిదాకా మా అవ్వ మాటే వచ్చింది. "ఇంక బంద్" అనబోయాను.

బాపు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి మెల్లగా అన్నాడు. "బాయిల పైకప్పు జర చప్పుడు చేస్తే అందరికంటే ముందు నేనే అరిచేటోణ్ణి. ఆనాడు మీ అవ్వ నీ సైకిల్ బంద్ పెడితే మాత్రం నోరు తెరవలే. తప్పయింది బిడ్డా." ముప్పై ఆరేళ్లు అయింది. ఆయనకు గుర్తుందని నేననుకోలేదు. నేనేమీ అనలేక లోపలికి వెళ్లి టీ పెట్టాను. బిడ్డకు మాత్రం రెండు మాటలే చెప్పాను. తోవ చెప్పి పో, వెనక ఎర్ర లైటు పెట్టుకో.

ఆ రోజు మధ్యాహ్నం తాతా మనవరాలు సైకిల్ ముందేసుకొని కూర్చున్నారు. మా దగ్గర బొగ్గు పొడి, ఓపెన్‌కాస్ట్ నుంచి లేచే ఇసుకరాయి దుమ్ము రెండూ ఉంటాయి. చైన్‌కు నూనె ఎక్కువ పోస్తే ఆ దుమ్మంతా అంటుకొని రుబ్బిన పిండిలా అయి పళ్లను అరగదీస్తుంది. బాపు పద్ధతి ఇదీ: ముందు పొడి గుడ్డతో చైన్ తుడవాలి. ఒక్కో కీలుకు ఒక్కో చుక్క నూనె వేయాలి. పెడల్ వెనక్కి తిప్పి, పైకి కారిన నూనెంతా మళ్లీ తుడిచేయాలి. నూనె లోపల ఉండాలి, బయట కనపడకూడదు. తలకు నూనె పెట్టుకున్నట్టు కాదన్నమాట. మా బిడ్డ ఇంకోటి చేర్చింది. స్టీలు స్కేలు పెట్టి చూస్తే చైన్‌లో 12 పూర్తి లంకెలు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే చైన్ మార్చాలి, లేకపోతే ఖరీదైన పళ్ల చక్రాలు కూడా పోతాయి. డిస్కు బ్రేకు రేకు మీద మాత్రం నూనె చుక్క పడొద్దు, పడితే బ్రేకు పట్టదు.

బాపు తన పాత సైకిల్ చైన్ కవరు తట్టి, "గిది ఉంటే గింత కష్టం లేదు" అన్నాడు. నిజమే కదా? చైన్‌ను దుమ్ము నుంచి కాపాడే ఆ రేకు డబ్బా కొత్త బండికి లేదు. కొత్త బండి పదకొండు కిలోలు, పాతది ఇరవై దాకా ఉంటుంది. ఒకటి తేలిక, ఒకటి ఓపిక.

పాత ఇనుప సామాన్ల బండి వచ్చి వెళ్లిపోయింది. హెర్క్యులస్ వెళ్లలేదు. పంచర్ షాపులో కొత్త టైర్లు, ట్యూబులు, బేరింగు గుండ్లు వేయించి, రిమ్ము బెండు తీయించాం. బిడ్డ తన బైకు తీసుకొని వెళ్లిపోయింది. ఆదివారం పొద్దున పంజాబీ డ్రెస్ వేసుకొని, చున్నీ నడుముకు కట్టుకొని నేను పాతది బయటికి తీశాను. నాకు 49 ఏళ్లు. మొదటి రోజు గల్లీ చివరిదాకా. ఇప్పుడు రెండు కిలోమీటర్లు పోయి వస్తున్నా. ఎదురింటి వదిన చూసి నవ్వుతుంది. పోయిన వారం మాత్రం "సీటు జర కిందికి దించొచ్చా?" అని అడిగింది.

తిరిగొచ్చేటప్పుడు గల్లీ మలుపులో చైన్ కవరు అలాగే కడకడమంటుంది. బాగుచేయిస్తానంటే బాపు వద్దన్నాడు. "ఉండనియ్. నువ్వొస్తున్నవని తెలుస్తది."