గుర్రానికి వంతెన, మనిషికి గట్టు

మా ఊరి పేరులోనే గుర్రం ఉంది. హైదరలీ, టిప్పుల కాలంలో ఈ కోట గుర్రపు దండును చూసింది. పడవ నడిచే కాలువ మాత్రం గుర్రంకొండ దరిదాపుల్లో లేదు. అయినా 1911 దాకా మనం కడప జిల్లా వాళ్లం, ఆ జిల్లాకు పడవల కోసం కూడా తవ్విన కాలువ ఒకటుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై సుమారు 306 కిలోమీటర్లు సాగే కర్నూలు-కడప కాలువ అది. దాన్ని తవ్వింది 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. రైలుకన్నా పడవ చవక అన్నది ఇంజనీరు ఆర్థర్ కాటన్ వాదం. కంపెనీ నిలదొక్కుకోలేదు, 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనేసింది. దీన్ని ఇంగ్లండు కాలువల పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది: కాలువ మీది వంతెన రూపాన్ని తేల్చేది కింద పడవను లాగేదెవరన్న ప్రశ్న.

1831లో తెరిచిన మాకిల్స్‌ఫీల్డ్ కాలువ మీద పాము వంతెనలని పిలిచేవి ఉన్నాయి. లాగుడు బాట ఒక గట్టు నుంచి రెండో గట్టుకు మారేచోట గుర్రం వంతెనెక్కి అవతలికి దిగుతుంది, మెలిక తిరిగి అదే వంతెన కిందుగా ముందుకు పోతుంది. తాడు విప్పే పనే లేదు. స్ట్రాట్‌ఫర్డ్ కాలువ మీదైతే వంతెనను రెండు ముక్కలుగా కట్టి, నడుమ తాడు పట్టేంత సందు వదిలారు. గుర్రం తాడు విప్పుకోలేదు, చుట్టలేదు, అవతలి వాడికి అందించలేదు. దానికి చేతకాని పనిని రాయీ ఇనుమూ చేసిపెట్టాయి.

మన బకింగ్‌హాం కాలువలో, గోదావరి డెల్టా కాలువల్లో గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవారు, లేకుంటే మనుషులే గట్టు వెంట తాడు భుజాన వేసుకుని లాగేవారు. మనిషి తాడును చుట్టగలడు, చేతులు మార్చగలడు. అందుకే అతని కోసం వంతెనకు ప్రత్యేకంగా మెలిక తిప్పాల్సిన అవసరం రాలేదు.

మన కాలువలు వెడల్పు, వాటి పని ముందు సాగునీరు, పోలిక కుదరదని అనవచ్చు. అందులో నిజముంది. ఇంగ్లండు ఇరుకు కాలువల చిక్కులన్నీ మనకు లేవు. కానీ లాగడానికి పశువును ఎందుకు కట్టలేదన్న దానికి వెడల్పు జవాబు కాదు. గుర్రం ఇక్కడ యుద్ధానిది, ఖరీదైనది, సరే. మరి బావి నుంచి నీళ్లు తోడే కపిల ఎద్దులకు కొదవ లేదు కదా? ఎద్దుకు మేత కావాలి, కొట్టం కావాలి, దుక్కి రోజుల్లో అది రైతుకే చాలదు. మనిషి కూలి అంతకన్నా తక్కువ. 1877-78 కరువులో బకింగ్‌హాం కాలువలో మద్రాసు దగ్గరి భాగాన్ని కరువు పనిగానే తవ్వించారు. అంత చవగ్గా మనిషి దొరికేచోట పశువుకు వంతెన కట్టే లెక్క ఎవరు వేస్తారు?

నేడు హంద్రీ-నీవా నీళ్లు పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల్లో పారుతున్నాయి. వాటి వంతెనలు చూసుకునేది పైన పోయే లారీల బరువునే, కింద లాగేవారెవరూ లేరు. అందుకే పాత పడవ కాలువల చరిత్ర రాసేటప్పుడు ఆనకట్టలూ లాకులతో ఆగకూడదు. అక్కడ లాగినవాళ్ల గుర్తు ఏ వంతెన మీదా లేదు, వాళ్లు నడిచిన గట్టును కూడా లెక్కలోకి తీసుకోవాలి.