బాల్టిమోర్ సెయింట్ ఫ్రాన్సెస్ పాఠశాల: తొలి దశ చరిత్ర, సమాజ జీవనం (1828–1871)

ఉపోద్ఘాతం

విద్యాసంస్థల చరిత్రను స్థాపకుల జీవితచరిత్రగా రాయడం మనకు అలవాటైన పద్ధతి. మిషనరీ పాఠశాలల విషయంలో ఈ ధోరణి మరింత బలంగా కనిపిస్తుంది. గుంటూరు ప్రాంతపు లూథరన్ విద్యాకృషిని 1842లో అక్కడికి వచ్చిన హయ్యర్ పేరుతోనూ, ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు విద్యాకృషిని క్లౌ పేరుతోనూ గుర్తుపెట్టుకొంటాం. ఆ బడులలో చదివిన పిల్లలు, వారిని పంపిన తల్లిదండ్రులు, చదువు చెప్పిన స్థానిక ఉపాధ్యాయులు ఆ కథనంలో నేపథ్యంగా మిగిలిపోతారు. ఒక పాఠశాలను నిజంగా నిలబెట్టింది ఎవరు అన్న ప్రశ్నను ముందు పెట్టుకొంటే చరిత్ర రూపురేఖలు మారుతాయి. ఆ మార్పును స్పష్టంగా చూపగల ఉదాహరణ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, బాల్టిమోర్ నగరంలో 1828లో నల్లజాతి బాలికల కోసం ఆరంభమైన కాథలిక్ ప్రాథమిక పాఠశాల. అదే తరువాత సెయింట్ ఫ్రాన్సెస్ అకాడమీగా పేరు పొందింది. జోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితం చేశాడు. కనుక నల్లజాతి చరిత్ర మన అణగారిన వర్గాల విద్యాచింతనకు పరాయి విషయం కాదు. ఈ పాఠశాల తొలి దశను పరిశీలించి, దాని మనుగడకు ఆధారం నల్లజాతి స్త్రీల శ్రమ, వారి సమాజపు విశ్వాసం అని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

నగరం, వలస, మతం

మేరీలాండ్ బానిసత్వం చట్టబద్ధంగా ఉన్న రాష్ట్రం. 1864 నవంబరు 1న కొత్త రాజ్యాంగం అమలులోకి వచ్చేదాకా అక్కడ బానిసత్వం కొనసాగింది. అయితే బాల్టిమోర్‌లో బానిసలకంటె స్వతంత్రులైన నల్లజాతివారే అధికం. 1860 నాటికి వారి సంఖ్య 25 వేలు దాటింది. అమెరికాలోని మరే నగరంలోనూ అంతమంది స్వతంత్ర నల్లజాతీయులు లేరు. స్వతంత్రులైనా వారి పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలో ప్రవేశం లేదు. పాఠశాలల నిర్వహణకు పన్ను మాత్రం వారి నుంచి వసూలు చేసేవారు. నగరపాలక సంస్థ నల్లజాతి పిల్లల కోసం ప్రభుత్వ బడులు నడపడం అంతర్యుద్ధం ముగిసిన తరువాతి మాట.

ఈ నగరానికి 1790ల నుంచి సెయింట్ డొమింగో ద్వీపం (నేటి హైతీ) నుంచి శరణార్థులు వచ్చారు. వారిలో తెల్లవారితోపాటు ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి కాథలిక్కులు కూడా ఉన్నారు. సెయింట్ మేరీస్ గురువిద్యాలయంలోని కింది ప్రార్థనాలయంలో వారు దివ్యబలిపూజకు చేరేవారు. ఆ గురువిద్యాలయాన్ని నడిపింది ఫ్రాన్సునుంచి వచ్చిన సల్పీషియన్ గురువులు. భాష, మతం, వలస అనుభవం ఈ మూడూ కలిసి నగరంలో ఒక చిన్న ప్రత్యేక సమాజాన్ని ఏర్పరచాయి. పాఠశాల ఈ సమాజంలో నుంచే పుట్టింది.

పాఠశాల ఆవిర్భావం

ప్రచారంలో ఉన్న కథనం జేమ్స్ జూబెర్ అనే సల్పీషియన్ గురువుతో మొదలవుతుంది. ఆయన నల్లజాతి పిల్లలకు ఆదివారం సత్యోపదేశం బోధించేవాడు. పిల్లలకు చదవడం రాకపోవడంవల్ల పాఠం నిలవడం లేదని గ్రహించి, అక్షరాలు నేర్పే బడి అవసరమని భావించాడు. ఈ కథనం సత్యమే, కాని అసంపూర్ణం. జూబెర్ ఆలోచనకు ముందే ఎలిజబెత్ లాంజ్, మరీ బలాస్ అనే ఇద్దరు నల్లజాతి స్త్రీలు తమ ఇంట్లో పిల్లలకు ఉచితంగా చదువు చెబుతున్నారు. లాంజ్ క్యూబాలో పెరిగి బాల్టిమోర్ చేరినట్లు సంప్రదాయం. జూబెర్ వారిని కలిసినప్పుడు బడి నడపడంతోపాటు దైవసేవకు జీవితాన్ని అర్పించాలన్న కోరిక తమకు చాలాకాలంగా ఉన్నదని వారు తెలిపారు. అంటే గురువు వెతుకుతున్న బడి అప్పటికే ఉంది. దానికి ఆయన సంస్థాగత రూపం, పీఠాధిపతుల అనుమతి సంపాదించాడు.

1828లో అద్దె ఇంట్లో ఈ పాఠశాల పద్ధతిగా ఆరంభమైంది. 1829 జూలై 2న లాంజ్, బలాస్, రోజిన్ బోగ్, అల్మైద్ దుషెమిన్ అనే నలుగురు మఠజీవిత ప్రమాణాలు స్వీకరించారు. ‘ఒబ్లేట్ సిస్టర్స్ ఆఫ్ ప్రావిడెన్స్’ అనే ఈ సంఘం ఆఫ్రికా సంతతి స్త్రీలు స్థాపించి నిలుపుకొన్న తొలి కాథలిక్ మఠకన్యల సంఘం. నల్లజాతి స్త్రీలు మఠవస్త్రాలు ధరించడం పట్ల నగరంలో వ్యతిరేకత వచ్చిందని జూబెర్ రాసిన దినచర్య తెలుపుతుంది. అగ్రపీఠాధిపతి విట్‌ఫీల్డ్ మద్దతు, 1831లో రోము నుంచి వచ్చిన ఆమోదం ఆ వ్యతిరేకతను తట్టుకోవడానికి తోడ్పడ్డాయి. నలుగురిలో చిన్నదైన దుషెమిన్ అదే బడిలో చదివిన విద్యార్థిని. ఒక తరం శిష్యురాలు మరుసటి తరానికి ఉపాధ్యాయురాలు కావడం ఈ బడి తొలి ఏడాదిలోనే కనిపించే లక్షణం.

పాఠ్యప్రణాళిక: ప్రకటనకు, ఆచరణకు మధ్య

పాఠశాల ప్రకటనపత్రాన్ని జాగ్రత్తగా చదవవలసి ఉంది. ఇక్కడ చదివిన బాలికలు రేపు కుటుంబాలకు తల్లులవుతారు లేదా మర్యాదస్థుల ఇళ్లలో పనికి కుదురుతారు కనుక వారికి సద్గుణాలు నేర్పడం అవసరమని అందులో ఉంది. ఇది తెల్లజాతి పాఠకులకు భయం కలిగించకుండా రాసిన వాక్యం. బానిస రాష్ట్రంలో నల్లజాతి బాలికల చదువుకు చోటు సంపాదించాలంటే ఆ చదువు సామాజిక క్రమాన్ని కదిలించదని హామీ ఇవ్వవలసి వచ్చింది.

అదే పత్రంలోని పాఠ్యాంశాల పట్టిక మరొక కథ చెబుతుంది. మతబోధ, ఇంగ్లీషు, ఫ్రెంచి, గణితం, అక్షరదోషాలు లేని రాత, కుట్టుపని, అల్లికపని, బట్టలుతికి ఇస్త్రీ చేయడం అందులో ఉన్నాయి. ఉతకడం, ఇస్త్రీ పని సేవకవృత్తికి ఉపయోగపడవచ్చు. ఫ్రెంచి భాషకు, అల్లికపనికి ఆ అవసరం లేదు. అవి ఆనాటి తెల్లజాతి బాలికల ఉన్నత విద్యాలయాలలో గౌరవానికి గుర్తులు. ప్రకటన సేవకవృత్తి గురించి మాట్లాడుతూ ఉండగా తరగతి గది ఆత్మగౌరవాన్ని బోధిస్తున్నది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడమే ఈ పాఠశాల చరిత్రలో కీలకాంశం.

సమాజ జీవనం

బడి, మఠం, ప్రార్థనాలయం ఒకే ఆవరణలో ఉండేవి. పగటిపూట వచ్చిపోయే పిల్లలతోపాటు అక్కడే ఉండి చదివే పిల్లలూ ఉన్నారు. ఆధారం లేని అనాథ బాలికలను ఫీజు లేకుండా చేర్చుకొని ‘ఇంటి పిల్లలు’గా పెంచేవారు. 1836లో నిర్మించిన ప్రార్థనాలయం పిల్లలకూ మఠకన్యలకూ పరిమితం కాలేదు. నగరంలోని నల్లజాతి కాథలిక్ కుటుంబాలకు అది ఆరాధనస్థలమైంది. ఇతర ఆలయాలలో వెనుక బల్లలు, పైఅంతస్తు వారికి కేటాయించే కాలంలో ఇక్కడ వారు ముందు వరుసలో కూర్చోగలిగారు. విచారణ ఆలయం లేని సమాజానికి బడే విచారణ కేంద్రంగా పనిచేసింది.

1832లో నగరంలో కలరా వ్యాపించినప్పుడు అధికారులు మఠకన్యల సహాయం కోరారు. సంఘంలోని వారందరూ సిద్ధపడగా నలుగురిని రోగుల సేవకు పంపారు. దుషెమిన్ తల్లి కూడా అదే సంఘంలో చేరిన మఠకన్య; రోగికి సేవ చేసి ఆమె కూడా ఆ వ్యాధితోనే మరణించింది.

1835 నాటి మరొక ఘటన గమనించదగినది. గురువిద్యాలయపు వంట, ఇంటి పనుల నిర్వహణ చేపట్టమని సల్పీషియన్లు మఠకన్యలను కోరారు. లాంజ్ ఆ పనికి అంగీకరిస్తూనే షరతులు రాసింది. తాము నల్లజాతివారమైనా మఠకన్యలం కూడా కనుక, ఇతర పనివారితో కలిపి చూడక, ఆ స్థితికి తగిన గౌరవం ఇవ్వాలన్నది వాటి సారాంశం. మేలు చేసిన వారి కోరికను కాదనలేని స్థితిలో ఉండి కూడా తమ గౌరవానికి హద్దు గీసుకొన్న తీరు ఇందులో వ్యక్తమవుతుంది.

సంక్షోభం, మనుగడ

1843లో జూబెర్ మరణించాడు. విట్‌ఫీల్డ్ అంతకుముందే మరణించాడు. కొత్త అగ్రపీఠాధిపతి ఎక్లెస్టన్‌కు ఈ సంఘంపై ఆసక్తి లేదు. సంఘాన్ని రద్దు చేసుకొని ఇళ్లలో పనికి కుదరమని ఆయన సూచించినట్లు సంఘ సంప్రదాయంలో నిలిచి ఉంది. సల్పీషియన్లు బాధ్యతనుంచి తప్పుకొన్నారు. విద్యార్థినుల సంఖ్య తగ్గింది. 1845లో దుషెమిన్ సంఘం విడిచి మిషిగన్ రాష్ట్రంలోని మన్రో వెళ్లి అక్కడ మరొక మఠకన్యల సంఘ స్థాపనలో పాలుపంచుకొంది. ఆమె నల్లజాతి మూలాలను ఆ సంఘ చరిత్ర చాలాకాలం మరుగుపరచింది.

స్థాపకుడే పాఠశాలకు ప్రాణమైతే ఈ దశలో అది మూతపడాలి. అలా జరగలేదు. మఠకన్యలు ఇతరుల బట్టలుతికి, ఇస్త్రీ చేసి, కుట్టుపని చేసి ఆ సంపాదనతో బడి నడిపారు. పాఠ్యప్రణాళికలో సేవకవృత్తికి గుర్తుగా కనిపించిన పనులే సంస్థకు జీవనాధారమయ్యాయి. 1847లో రెడెంప్టరిస్టు గురువు థాడియస్ ఆన్వాండర్ వారి ఆధ్యాత్మిక బాధ్యత స్వీకరించాక పరిస్థితి మెరుగుపడింది. 1852లో బాలుర బడి కూడా వెలిసింది. ఆన్వాండర్ వచ్చేసరికి బడి బతికి ఉండటమే ఆయన కృషికి పునాది. అంతర్యుద్ధం తరువాత అనాథ బాలికల భారం పెరిగింది. 1871లో సంస్థ ఛేజ్ వీధికి మారింది. లాంజ్ 1882లో మరణించింది.

ఈ చరిత్రలో ఒక వైరుధ్యాన్ని దాటవేయకూడదు. ఈ మఠకన్యలను ఆమోదించిన చర్చిలోనే బానిసల యజమానులు ఉన్నారు. 1838లో మేరీలాండ్ జెస్యూట్లు 272 మంది బానిసలను విక్రయించారు. అదే కాలంలో, అదే రాష్ట్రంలో, అదే మతం ఒక చేత్తో మనుషులను అమ్మి మరొక చేత్తో వారి జాతి పిల్లల బడికి అనుమతి ఇచ్చింది. మఠకన్యలు ఆ చర్చిని విడువలేదు. దాని లోపలే తమకు చోటు ఏర్పరచుకొన్నారు. దీనిని లొంగుబాటుగా గాని, తిరుగుబాటుగా గాని ఒక్క మాటలో తేల్చడం సరికాదు.

ముగింపు

నేడు ఆ సంస్థ ఉన్నత పాఠశాలగా నడుస్తున్నది. 2023లో పోపు ఫ్రాన్సిస్ లాంజ్‌ను పూజ్యురాలిగా ప్రకటించారు. ఈ గుర్తింపుతో ఆమె చుట్టూ మరొక స్థాపక జీవితచరిత్ర అల్లుకొనే అవకాశం ఉంది. కాని పై ఆధారాలు చూపేది సమష్టి కృషిని: పిల్లలను పంపిన వలస కుటుంబాలు, శిష్యురాళ్లుగా వచ్చి ఉపాధ్యాయులైన బాలికలు, ఉతికిన బట్టల కూలితో బడిని నిలిపిన మఠకన్యలు. మన ప్రాంతంలోని మిషన్ బడుల చరిత్రను రాసేటప్పుడు కూడా బడిని ఎవరు తెరిచారు అన్న ప్రశ్నతో ఆగకూడదు. ఆదరించే చేయి వెనక్కి తగ్గినప్పుడు దాన్ని మూతపడనీయనివారు ఎవరని కూడా అడగాలి. హాజరుపట్టికలు, జీతాల లెక్కలు, ఉపదేశుల ఉత్తరాలు, పాత విద్యార్థుల మౌఖిక కథనాలు ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగల ఆధారాలు.