జ్ఞా: ఒక అక్షరం, ఒక అప్‌డేటు



ఫోనుకు కొత్త అప్‌డేటు వచ్చిందంటే మా ఇంట్లో వాళ్ళకు నవ్వులాట. ఆ పూట నేను కాఫీ కూడా స్థిమితంగా తాగను. ఫోనును ఛార్జింగుకు తగిలించి, అది ఆరిపోయి మళ్ళీ వెలిగేదాకా పక్కనే కూర్చుంటాను. కెమెరాలో వచ్చిన కొత్త సొగసులు, తెర మీద మారిన రంగులు తరువాతి సంగతి. ముందుగా నోట్సులో ఖాళీ పేజీ ఒకటి తెరిచి, కొన్ని అక్షరాలు రాసి, అవి ఎలా కనబడుతున్నాయో కళ్ళజోడు సర్దుకొని మరీ చూస్తాను. మా ఆవిడ ఈ తంతుకు "ఫోనుకు అక్షరాభ్యాసం" అని పేరు పెట్టింది. తెలుగు పంతులుగా ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు చేయించిన పనే ఇప్పుడు యంత్రానికి చేయిస్తున్నాను కాబట్టి, ఆ పేరు నాకు నచ్చింది.

ఈ అలవాటు నాకు 2018 ఫిబ్రవరిలో అబ్బింది. ఆ కథే ఈ టపా.

నేను పదవీ విరమణకు దగ్గర పడిన రోజులవి. ఆ నెల మూడవ వారంలో ఒక ఉదయం స్టాఫ్ రూములో అడుగు పెట్టగానే లెక్కల మాస్టారు పత్రిక చేతికిచ్చి, "పంతులుగారూ, మీ తెలుగు అక్షరం ఒకటి అమెరికా ఫోన్లను పడగొడుతోందట!" అన్నారు. హాస్యమనుకున్నాను. చదివితే నిజమే. ఐఫోనుకు ఒక తెలుగు అక్షరం సందేశంగా వస్తే, దాన్ని చూపబోయిన యాప్ కూలిపోతున్నది. అదే అక్షరం నోటిఫికేషనుగా వస్తే కొన్నిసార్లు ఫోను మొత్తం కిందుమీదవుతున్నది. ప్రపంచంలోని పత్రికలన్నీ "తెలుగు అక్షరం" అని మన పేరు పెట్టి మరీ రాశాయి. ఆ అక్షరం "జ్ఞా".

ఆ రాత్రి అమెరికాలో ఉన్న మా అబ్బాయి నుంచి సందేశం వచ్చింది. "నాన్నా, ఎందుకైనా మంచిది, నాలుగు రోజులు తెలుగులో మెసేజీలు పెట్టకండి." వాడి ఫోనుకు ఏమీ కాలేదు, ఊరికే జాగ్రత్త. వాడి మాటలో తప్పు లేదు. అయినా నా మనసు చివుక్కుమన్నది. వాడు దేశం దాటిన నాటి నుంచి నేను వాడికి తెలుగు లిపిలో తప్ప రాసి ఎరగను. ఆ రాత్రి మొదటిసారిగా ఇంగ్లీషు అక్షరాలలో "ఓకే" అని రాసి ఊరుకున్నాను.

మరునాడు పదవ తరగతిలో ఈ ప్రస్తావన వచ్చింది. నల్లబల్ల మీద "జ్ఞా" రాసి, "ఇదేరా ఆ వీరుడు" అన్నాను. పిల్లలు నవ్వారు. వెనుక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, మేము తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతాం. మా ఫోన్లకేం కాదు" అన్నాడు. తరగతి మళ్ళీ నవ్వింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇప్పుడు చెప్పబోయేది ఆ జవాబే. ఆ పిల్లవాడికి చేరకపోయినా మీకు చేరితే చాలు.

ముందుగా ఆ అక్షరం సంగతి చూద్దాం. "ఞ" అనే అనునాసికానికి తెలుగులో ఒంటరి బ్రతుకు లేదు. చవర్గంతో కలిసిన చోట దాని బదులు సున్న పెట్టి పంచ, కంచం అని రాస్తాము. అది తన రూపంతో మిగిలింది దాదాపుగా జకారం కిందనే. యాచ్ఞ వంటి అరుదైన మాటలను మినహాయిస్తే దానికి ఇల్లు "జ్ఞ" ఒక్కటే. కానీ ఎంత పెద్ద ఇల్లది! ఆజ్ఞ, ప్రతిజ్ఞ, యజ్ఞం, సంజ్ఞ, జిజ్ఞాస, విజ్ఞానం, కృతజ్ఞత: ఈ మాటలన్నీ అందులోనే కాపురం ఉంటున్నాయి. ఉచ్చారణలో ఒక్కొక్క సీమ ఒక్కొక్క రకంగా పలుకుతుంది. రాతలో మాత్రం అందరిదీ ఒకటే.

ఇక కంప్యూటరు దీన్ని ఎలా దాచుకుంటుంది? 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అంతకు ముందు మన దేశంలో రూపొందిన ఇస్కీ పద్ధతినే అది అనుసరించింది. ఆ పద్ధతిలో సంయుక్తాక్షరానికి విడిగా సంఖ్య ఉండదు. "జ్ఞా" అంటే జ, పొల్లు, ఞ, దీర్ఘం అని నాలుగు సంకేతాల వరుస. తెర మీదికి వచ్చేసరికి ఞ వత్తుగా కిందికి దిగాలి. చివర రాసిన దీర్ఘం ఆ వత్తును దాటి వెనక్కు వెళ్ళి జకారానికి అంటుకోవాలి. మనం "జ" రాసి, దీర్ఘమిచ్చి, కింద వత్తు పెడతాం. యంత్రం దాచుకునే వరుస వేరు, చూపవలసిన వరుస వేరు. ఈ రెంటికీ మధ్య లిపి వ్యాకరణం తెలిసిన ప్రోగ్రాము ఒకటి కూర్చుని ప్రతి అక్షరాన్నీ అల్లాలి. ఇంగ్లీషు అక్షరాలను పక్కపక్కన పేర్చడానికే అలవాటుపడిన యంత్రాలకు ఈ అల్లిక నేర్పడానికి ఏళ్ళు పట్టింది.

ఆ ఏళ్ళు మనందరికీ గుర్తే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఖతిని తెచ్చింది. అయినా సీడీ పెట్టి భారతీయ భాషల మద్దతు విడిగా వేసుకుంటే తప్ప వత్తులు ఒద్దికగా కూర్చునేవి కావు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఖతులను తీర్చి ఉచితంగా పంచారు. వీవెన్ గారి లేఖిని వచ్చాక మనబోటి వాళ్ళకు చేతులు వచ్చినట్లయింది. నేను బ్లాగు తెరిచిందీ ఆ ధైర్యంతోనే.

చరవాణిలో మాత్రం ఆ సుఖం చాలా కాలం లేదు. సాదా ఎస్సెమ్మెస్సులో ఇంగ్లీషుకు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 సంకేతాలే పట్టేవి. "విజ్ఞానం" అనే ఒక్క మాటే అందులో ఎనిమిదింటిని మింగేది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో మన టపాలు తెరిస్తే డబ్బాల బారులు కనబడేవి. ఓపెరా మినీ బ్రౌజరులో ఒక రహస్యపు మీట నొక్కి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని చదివిన రోజులు మీలో చాలామందికి జ్ఞాపకం ఉండాలి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 కూర్పు కన్నడ, మలయాళాలతో పాటు తెలుగును కూడా తనంత తానే చూపడం మొదలుపెట్టింది. 2016లో భారత ప్రభుత్వం దేశంలో అమ్మే ప్రతి ఫోనూ మన భాషలన్నిటినీ చదవగలిగేలా ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. ఇలా ఒక్కొక్క అప్‌డేటూ ఒక్కొక్క మెట్టు ఎక్కించింది.

2018లో జారినది ఆ మెట్ల మీదనే. ఆ జనవరి 23న ఐఫోన్లకు 11.2.5 అనే కూర్పు వచ్చింది. దానిలో మన "జ్ఞా" మామూలుగా రాస్తే ఏ ఉపద్రవమూ లేదు. ఞకారానికీ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని గుర్తు ఒకటి చేరినప్పుడే చిక్కు. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. మనకు అది పాత చుట్టమే. "ఫేస్‌బుక్" అని రాయబోతే సకారం కింద బావత్తు పడిపోకుండా, పొల్లును పొల్లుగా నిలబెట్టేది అదే. పొల్లు తరువాత దానికి పని ఉంది. హల్లుకూ దాని గుణింతానికీ మధ్య మన లిపిలో ఏ పనీ లేదు. పని లేని చోట నిలబడిన ఆ అతిథిని దాటి దీర్ఘాన్ని ఎక్కడికి చేర్చాలో తెలియక అక్షరాలను అల్లే ప్రోగ్రాము తడబడి కూలింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇది తెలుగు దోషం కాదు. ఆ రోజుల్లోనే మనీశ్ గోరెగావ్‌కర్ అనే సాంకేతిక నిపుణుడు శోధించి, ఇదే మాదిరి వరుస దేవనాగరిలోనూ బెంగాలీలోనూ ఫోనును పడగొడుతున్నదని నిరూపించారు. అంతకు ముందు 2015 మే నెలలో అరబ్బీ అక్షరాలున్న ఒక సందేశం ఐఫోన్లను ఇలాగే ఇబ్బంది పెట్టింది. తరువాత 2020లో సింధీ అక్షరాల వంతు వచ్చింది. ప్రతిసారీ నింద లిపి మీద పడింది, లోపం ప్రోగ్రాములో ఉంది. బడిలో పాఠం సరిగ్గా వినని పిల్లవాడు తప్పు చదివితే పుస్తకాన్ని తిడతామా?

దిద్దుబాటు త్వరగానే జరిగింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ 11.2.6 కూర్పును విడుదల చేసింది. ఫోనుకే కాదు, గడియారానికీ టీవీ పెట్టెకూ కంప్యూటరుకూ అదే రోజు సవరణలు వచ్చాయి. ఒక్క అక్షరపు అల్లికను సరిచేయడానికి ప్రపంచమంతటా ఫోన్లు ఆగి మళ్ళీ వెలిగాయి. మన వర్ణమాల చరిత్రలో ఇంతటి గౌరవం మరే అక్షరానికైనా దక్కిందా అని లెక్కల మాస్టారితో వాదించాను. ఆయన కాదనలేదు.

ఇప్పుడు ఆ వెనుక బెంచీ పిల్లవాడికి జవాబు.

నేను ఉండేది ఆరాంఘర్ దగ్గర. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం తెరిచాక మా కూడలి రూపమే మారిపోయింది. (కూడలి అనగానే మీకు మరొకటి గుర్తుకు వస్తుందని తెలుసు. నాకూ అంతే.) 2009 అక్టోబరులో మెహిదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చి ఇక్కడ దిగింది. 2025 జనవరిలో జూపార్కు వైపు నాలుగు కిలోమీటర్ల వంతెన తెరిచారు. ఈ వంతెనలు ఊరికే రాలేదు. బండ్లు బారులు తీరి నిలిచిపోయాక, జనం విసుగెత్తి మొత్తుకున్నాక వచ్చాయి. ఎవరూ నడవని దారిలో గుంతలూ తెలియవు, మరమ్మతులూ జరగవు.

లిపికీ ఇదే న్యాయం. "జ్ఞా" లోపం బయటపడిందంటే ఫోన్లలో తెలుగును తెలుగుగా రాసేవాళ్ళు ఉన్నారన్నమాట. అందరూ ఇంగ్లీషు అక్షరాలతోనే సరిపెట్టుకుని ఉంటే ఏ ఫోనూ కూలేది కాదు. కానీ ఏ ఇంజనీరూ మన దీర్ఘం వత్తును దాటి ఎటు పోతుందో నేర్చుకునే పనీ ఉండేది కాదు. మా ఫోన్లకేం కాదన్నావు నాయనా, నిజమే. వాడని లిపికి ఏ ప్రమాదమూ రాదు, అది మెల్లగా మరుగున పడడం తప్ప.

అందుకే నా అక్షరాభ్యాసం. అప్‌డేటు రాగానే ముందుగా "జ్ఞా". నా దగ్గర చిన్న బ్లూటూత్ కీబోర్డు ఒకటి ఉంది. మీటల మీద తెలుగు స్టిక్కర్లు నేనే అంటించాను. ఇన్‌స్క్రిప్టు అమరికలో "జ్ఞ"కు అంకెల వరుసలో ప్రత్యేకంగా చోటుంది, అదొక ముచ్చట. తరువాత దంత్య చకార జకారాలు ౘ, ౙ. చుక్కలోని చ, జడలోని జ అవే. తలపై రెండంకె వేసి పాత వ్యాకరణాలలో చూపిన ఈ అక్షరాలు యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి. ఆపైన ప్రాచీన శాసనాలలో కనిపించే ౚ. దానికి 2015లో స్థానం దొరికింది. చివరగా పాత ముద్రణలలో పదాంతాన కనిపించే నకారపొల్లు ౝ. అది చేరినది 2021లో. యూనికోడ్‌లో చోటు దొరకడం ఒక ఎత్తు, ఫోను ఖతిలోకి ఆ రూపం దిగిరావడం మరొక ఎత్తు. పై వాక్యాలలో మీకు అక్షరం బదులు ఖాళీ డబ్బా కనబడితే, మీ ఫోనుకు ఇంకా ఆ పాఠం చేరలేదని అర్థం. దయచేసి ఊరుకోకండి. సెట్టింగులలో ఫిర్యాదు రాసే చోటు వెతికి, నాలుగు ముక్కలు రాయండి. డబ్బాను చూసి ఊరుకోవడం మన తరానికి అలవాటైపోయింది. అది మంచి అలవాటు కాదు.

ఆనాటి కథ ముగింపు ఒకటి మిగిలింది. అప్‌డేటు వచ్చిన మరునాడు మా అబ్బాయి, "వేసేశాను నాన్నా, ఇక మీ ఇష్టం, తెలుగులోనే రాయండి" అని పంపాడు, అదీ తెలుగు లిపిలో. వాడు అలా రాసి చాలా కాలమయింది. నేను ఒకే ఒక్క మాట తిరిగి రాశాను.

"కృతజ్ఞుణ్ణి."

అవతల ఫోను నిక్షేపంగా నిలబడింది.